సివిల్ ఇంజినీరు అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌లోకి రావచ్చా? లా డిగ్రీ తప్పనిసరా?

గల్ఫ్‌లో ఆరేళ్లుగా ప్లానింగ్ ఇంజినీరుగా చేస్తున్నానని, నిర్మాణ, విద్యుత్ ప్రాజెక్టుల వివాదాలు చూసే ఆర్బిట్రేషన్ (కోర్టు బయట ఆర్బిట్రేటర్లు ఇచ్చే తీర్పు), మీడియేషన్ (మధ్యవర్తి సాయంతో రాజీ) వైపు రావాలని ఉందని, లా చదవకుండా కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. నేనూ సైటు నుంచే వచ్చాను.

నన్ను ఇటు తిప్పింది ఒక ఉత్తరం, అది కూడా ఆలస్యంగా పంపిన ఉత్తరం. గల్ఫ్‌లో ఒక సబ్‌స్టేషన్ కడుతున్నాం. వేరే కాంట్రాక్టరు కేబుళ్లు తీయకపోవడంతో స్థలం మా చేతికి నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చింది. ఈ ఆలస్యానికి అదనపు సమయం, డబ్బు అడుగుతూ నోటీసు ఇద్దామని నేనంటే, క్లయింటు మనవాళ్లే, కాగితం పంపితే నొచ్చుకుంటారు అని మా ప్రాజెక్ట్ మేనేజర్ ఆపేశారు. చివరికి 41వ రోజున పంపాం. కాంట్రాక్టు ఫిడిక్ (ఇంజినీర్ల అంతర్జాతీయ సమాఖ్య) వాళ్ల నమూనా, 1999 రెడ్ బుక్, అందులో 20.1 నిబంధన ప్రకారం విషయం తెలిసిన 28 రోజుల్లోగా నోటీసు ఇవ్వకపోతే అదనపు సమయమూ రాదు, డబ్బూ రాదు. తప్పు మాది కాదని అందరికీ తెలుసు, అయినా క్లెయిమ్ పోయింది, పైగా ఆలస్యానికి జరిమానా మా బిల్లుల్లోంచే కోసుకున్నారు. ఆ షెడ్యూల్ వేసింది నేనే కాబట్టి చాలా రోజులు నిద్ర పట్టలేదు. కాంట్రాక్టును మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవడం అప్పుడే మొదలుపెట్టాను.

ఈ రంగం అనగానే అందరికీ ఆర్బిట్రేటర్ కుర్చీ కనిపిస్తుంది. ఆ కుర్చీ దాకా రావడానికి పాతికేళ్లు పడుతుంది, దాన్ని ఇప్పుడు పక్కన పెట్టండి. ఒక కేసు వెనుక లాయర్లతో పాటు క్లెయిమ్స్ వాళ్లు, ఆలస్యం ఎవరివల్ల ఎన్ని రోజులు జరిగిందో తేల్చేవాళ్లు, నష్టం లెక్క కట్టేవాళ్లు ఉంటారు. ఇంజినీర్లకు తలుపు అక్కడ ఉంది. మీరు రోజూ ప్రైమవెరా షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసే అప్‌డేట్లే అక్కడ సాక్ష్యాలు. విద్యుత్ ప్లాంట్ల కేసుల్లో ఇంకో రకం తగాదా కూడా వస్తుంది, ప్లాంటు కట్టడం అయిపోయాక పరీక్షలో హామీ ఇచ్చినన్ని మెగావాట్లు రాకపోతే ఆ లోటు మెషీన్‌దా, ఇంధనానిదా, నడిపినవాళ్లదా అని. అక్కడ లాయరు ఇంజినీరు చెయ్యి పట్టుకునే నడవాలి.

నేను మొదటిసారి సాక్ష్యం చెప్పిన కేసులో ఫైళ్లు వేల పేజీలు. మమ్మల్ని నిలబెట్టింది మాత్రం శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక ఫోర్‌మన్ రాసుకున్న పొడుగు నోటుబుక్కు. తెలుగులో, పెన్సిల్‌తో, ఏ రోజుకారోజు: "క్రేన్ పదకొండుకి వచ్చింది, 14 మంది ఖాళీ", "గోతిలో నీళ్లు, పంపు లేదు". రోజువారీ రిపోర్టుల్లో ఆ రోజులన్నీ పని మామూలుగా జరిగినట్టే ఉంది. నోటుబుక్కును ఇంగ్లీషులోకి అనువదించి, ప్రతి ఎంట్రీని క్రేన్ గేటు పాసులతో సరిపోల్చాం. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి లాయరు, ఇది తర్వాత రాసింది కాదని నమ్మకం ఏమిటని గంటసేపు అడిగారు. గేటు పాసుల్లోని టైములే ఆయనకు జవాబు చెప్పాయి. అందుకే నా దగ్గర పనిచేసే పిల్లలకు ముందు చెప్పేది, సైటులో ఎవరు ఏ పుస్తకంలో రాస్తున్నారో కనుక్కోమని.

ఇలా ఎక్స్‌పర్ట్‌గా (నిపుణుడైన సాక్షిగా) వెళ్తే ఒకటి కఠినంగా పాటించాలి. ఫీజు ఇచ్చేది ఒక పక్షమే అయినా మీ బాధ్యత ట్రిబ్యునల్‌కి, అంటే తీర్పు చెప్పే ఆర్బిట్రేటర్లకి. మనవైపు ఆలస్యం 40 రోజులుంటే 40 అనే రాయాలి. ఒక్కసారి తగ్గించి రాసి దొరికిపోతే ఆ పేరు సింగపూర్ నుంచి లండన్ దాకా వెళ్తుంది, చిన్న లోకం ఇది.

మీడియేషన్ గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది: మన దగ్గర దాన్ని సరిగ్గా వాడుకోవడం లేదు. ఒక సోలార్ ప్రాజెక్టు వివాదంలో రెండో రోజు సాయంత్రానికల్లా అంకె దాదాపు కుదిరింది, ప్రభుత్వ సంస్థ అధికారులు కూడా న్యాయమే అన్నారు, కానీ సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. రేపు ఆడిట్, విజిలెన్స్ అడిగితే ఎవరు జవాబు చెప్పాలి? వాళ్ల భయం నిజమైనదే. 2023లో మీడియేషన్ చట్టం వచ్చింది. 2024 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ఆర్బిట్రేషన్‌ను మామూలుగా 10 కోట్ల లోపు వివాదాలకే ఉంచమని, మీడియేషన్ వైపు వెళ్లమని చెప్పింది. సంతకం పెట్టిన అధికారికి రక్షణ దొరికితేనే ఇది నడుస్తుంది.

అవార్డు, అంటే ఆర్బిట్రేషన్ తీర్పు, చేతికి వస్తే డబ్బు వచ్చినట్టు కాదన్నది కూడా తెలుసుకుని రండి. న్యూయార్క్ కన్వెన్షన్ అనే అంతర్జాతీయ ఒప్పందం వల్ల సింగపూర్‌లో వచ్చిన అవార్డును 170కి పైగా దేశాల్లో అమలు చేయమని అడగొచ్చు, అది గొప్ప బలం. అయితే ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ మెట్రో కేసులో 2017లో వచ్చిన అవార్డును సుప్రీంకోర్టు 2021లో నిలబెట్టి, 2024 ఏప్రిల్‌లో క్యూరేటివ్ పిటిషన్‌లో (తన తుది తీర్పునే మళ్లీ చూడమని వేసే చివరి పిటిషన్) తానే కొట్టేసింది. అన్నేళ్లు ఒకే కేసును మోసే ఓపిక ఉండాలి.

చదువు విషయానికి వస్తే, కోర్టులో వాదించాలనుంటే లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయండి. లేకపోతే లండన్‌లోని చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్బిట్రేటర్స్ మెంబర్‌షిప్ మెట్టు మెట్టుగా ఎక్కండి, ఉద్యోగం మానక్కర్లేదు. దానికంటే ముందు సొసైటీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లా వాళ్ల డిలే అండ్ డిస్‌రప్షన్ ప్రోటోకాల్ (ఆలస్యాలను ఎలా లెక్కకట్టాలో చెప్పే మార్గదర్శకం), 2017 రెండో ఎడిషన్, చదివి మీ ప్రాజెక్టు మీదే ఒక విశ్లేషణ చేసి చూడండి. నాకు మొదటి ఉద్యోగం ఇచ్చినవాళ్లు డిగ్రీ గురించి అడగలేదు, అలాంటి పది పేజీల నోటు చూసి పిలిచారు. పది పేజీలు, మామూలు మాటల్లో, ఏ రోజు ఏం జరిగింది, దానివల్ల ఏ పని ఆగింది, అంతే.

ఇప్పుడున్న ప్రాజెక్టు కాంట్రాక్టు ఫిడిక్ 1999 ఎడిషన్‌దా 2017 ఎడిషన్‌దా చెప్పండి. 2017లో ఆ 28 రోజుల నిబంధన క్లయింటుకు కూడా వర్తిస్తుంది, దాన్నిబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో రాస్తాను.