ఆర్‌ఎన్‌ఏ పరిశోధనలో చేరబోతున్న అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి, చిత్తూరు నుంచి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీటి ఎద్దడిలో వేరుశనగ ఏ జన్యువులను వాడుకుంటుందో పరిశోధించడానికి నువ్వు తిరుపతిలో చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. వాన మొహం చాటేసిన ఏడాదల్లా గింజ పట్టని కాయలను కుప్ప పోసుకున్న ఇంటి పిల్ల ఈ పనికి పూనుకుందంటే నాకు ఎంతో గర్వంగా ఉంది. దిగులు కూడా అంతే ఉంది.

చేతి తొడుగులు మార్చుకోమని, గొట్టాలను మంచులో ఉంచమని అక్కడ ఎవరైనా చెబుతారు. ద్రవ నత్రజనిని మాత్రం తలుపులు మూసిన గదిలో, రాత్రిపూట ఒంటరిగా వాడవద్దు. అది ఆవిరవుతూ గదిలోని ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. ఊపిరాడటం లేదని తెలిసేలోపే మనిషి పడిపోతాడు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఒక పరిశోధక విద్యార్థి నీళ్లు పోసిన కుండీల ఆకులను ఉదయం, నీళ్లు ఆపిన కుండీల ఆకులను మధ్యాహ్నం కోశాడు. రెండో వాటిలో ఒక జన్యువు తాలూకు ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా కనబడగానే, ఎద్దడి వల్ల ఆ జన్యువు అనులేఖనం, అంటే డీఎన్‌ఏను చూసి ఆర్‌ఎన్‌ఏ నకళ్లు తయారవడం, పెరిగిందని రాసేశాడు. సాయంత్రమయ్యేసరికి ఆకులు ముడుచుకునే మొక్క లోపల కూడా పొద్దును బట్టి చాలా జన్యువుల అనులేఖనం హెచ్చుతగ్గులవుతుందని ఆ పిల్లవాడికి తట్టలేదు. రెండింటినీ ఒకే వేళకు కోయించి చూస్తే తేడా చాలావరకు పోయింది. మిగిలిన తేడా ఎక్కడిదో తెలుసుకోవడానికి ఆకులను కార్డిసెపిన్ ద్రావణంలో ఉంచి, కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపి, పాతది ఎంత త్వరగా తరుగుతోందో గంటగంటకూ కొలిచారు. ఎండిన ఆకులో అది నెమ్మదిగా తరుగుతోంది. అంటే తయారీ పెరగకున్నా, నాశనం తగ్గినందువల్లే ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా కనబడవచ్చు. తూము మూసినా చెరువు మట్టం పెరుగుతుంది కదమ్మా! పాపం, ఆ పిల్లవాడు సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయమంతా తిరగరాయవలసి వచ్చింది.

అనులేఖనం పెరిగిందని అంత తేలికగా అనకూడదు. ప్రోటీన్ల జన్యువులను చదివే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-2 అనే ఎంజైముకు జన్యువు మొదలు ఎక్కడో తనంతట తెలియదు. జన్యువు మొదట్లో ఉండే ప్రమోటర్ అనే డీఎన్‌ఏ భాగం దగ్గర సహాయక ప్రోటీన్లు కూడి దానికి చోటు చూపాలి, ఎద్దడి వేళ డ్రెబ్ వంటి నియంత్రక ప్రోటీన్లు తమకు తగిన డీఎన్‌ఏ వరుసలను పట్టుకోవాలి, డీఎన్‌ఏ ఏ హిస్టోన్ ప్రోటీన్లకు చుట్టుకుని ఉంటుందో వాటి బిగువు సడలాలి. జాకబ్, మోనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు 1961లో వివరించిన లాక్ ఒపెరాన్‌నే, అంటే బ్యాక్టీరియా లాక్టోజ్ చక్కెరను వాడుకునే జన్యువుల గుంపునే చూడు. లాక్టోజ్ దొరికి, అనులేఖనాన్ని అడ్డుకునే రిప్రెసర్ ప్రోటీన్ తప్పుకున్నా, గ్లూకోజ్ ఉన్నంతసేపు అక్కడ అనులేఖనం మందకొడిగానే సాగుతుంది. ఒంటికణపు బ్యాక్టీరియాయే రెండు విషయాలు విచారించుకుంటే, రెండు జాతుల జన్యుసంపుటాలను కలిపి మోస్తున్న వేరుశనగ సంగతి చెప్పాలా? ఏ జాతి జన్యు ప్రతి నుంచి ఆర్‌ఎన్‌ఏ వస్తోందో వేరుచేసి చూపే ప్రైమర్లు, అంటే కొలవాల్సిన వరుసను గుర్తుపట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, ముందే సిద్ధం చేసుకో.

కొత్తగా తయారైన ఆర్‌ఎన్‌ఏలో ఇంట్రాన్లు, అంటే తర్వాత కత్తిరించి పారేసే భాగాలు, ఇంకా తెగిపోకుండా ఉంటాయి కాబట్టి, ఇంట్రాన్ ప్రైమర్లతో కొలిస్తే తయారీ జాడ దొరుకుతుంది. అయితే మిగిలిపోయిన డీఎన్‌ఏ కూడా అదే సంకేతం ఇస్తుంది. డీఎన్‌ఏను ముక్కలు చేసే డీఎన్‌ఏస్‌ ఎంజైముతో శుభ్రం చేసినా, ఆర్‌ఎన్‌ఏను కొలవడానికి డీఎన్‌ఏగా మార్చే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని గొట్టాన్ని ప్రతి నమూనాకూ పక్కన పెట్టాల్సిందే. ఖర్చు దండగని ఎవరైనా అంటే వినవద్దు.

పని ధ్యాసలో భోజనం మానకు తల్లీ. మొదటి ఫలితాలు రాగానే, ఆ గొట్టాల అంకెలతో సహా నాకు పంపు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ