టెక్ సందేహాలు: అమరావతి అంటే సాంచీ బొమ్మ ఇస్తోంది!

ప్రశ్న: అమరావతి వెళ్లి స్తూపం దిబ్బ ఫొటోలు తీశాను. ఒకప్పుడు స్తూపం ఎలా ఉండేదో అదే ఫొటో మీద చూపించమని ఏఐ యాప్‌ను అడిగితే ఒకసారి సాంచీలా, ఇంకోసారి థాయ్‌లాండ్ గుడిలా చేసిస్తోంది. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: స్తూపం అనగానే ఆ యాప్ ఎక్కువగా చూసినవి బయటికొస్తాయి. ప్రాంప్ట్‌లో ‘అమరావతి’ అని పదిసార్లు రాసినా లాభం లేదు, నమూనా చూపించాలి. ఆ నమూనాను అక్కడి శిల్పులే చెక్కి పెట్టారు. స్తూపం చుట్టూ అమర్చిన ఫలకాల్లో కొన్నింటి మీద స్తూపం బొమ్మే ఉంది! అలాంటి ఫలకం ఫొటో బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. పెద్దది చేసి చూడండి. ద్వారం దగ్గర సింహాలు, వెనక వరసగా ఐదు ఆయక స్తంభాలు (స్తూపం దిమ్మె నుంచి ముందుకొచ్చిన అరుగు మీద నిలిపినవి), ఆపైన శిల్పాలతో నిండిన అండం, అంటే గుమ్మటం. సాంచీలో లాంటి ఎత్తైన రాతి తోరణాలు ఇక్కడ లేవు. ఏఐ బొమ్మలో తోరణం కనిపిస్తే డిలీట్ కొట్టేయండి.

నన్నడిగితే ఏఐని చివర్లో, రాతి గరుకుదనం తెప్పించడానికి వాడితే చాలు. ముందు బ్లెండర్‌లో (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్, ఉచితమే) మీ ఫొటోను కెమెరా బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టి, దాదాపు 50 మీటర్ల అడ్డకొలతతో ఒక గుండ్రటి దిమ్మె, దాని మీద బోర్లించిన గిన్నెలా అండం పెట్టండి. ఫొటో వివరాల్లో ‘35 ఎంఎం’ లెక్కలో ఉన్న ఫోకల్ లెంగ్త్‌ను (లెన్స్ ఎంత వెడల్పుగా చూస్తుందో చెప్పే అంకె) బ్లెండర్ కెమెరాకిస్తే పర్‌స్పెక్టివ్ చాలావరకు కుదురుతుంది. 0.5ఎక్స్‌తో తీసినవి పక్కన పెట్టండి, అంచులు సాగిపోతాయి. ఫొటోలో నీడలు ఎటు పడ్డాయో చూసి, బొమ్మ నీడ కూడా అటే పడేలా లైటు సర్దండి. చాలామంది బొమ్మలు అతికించినట్టు కనిపించేది ఇక్కడే. రంగు విషయానికొస్తే, అది పల్నాటి సున్నపురాయి, లేతగా ఉంటుంది. ఎర్ర ఇసుకరాయి రంగు వేయకండి.

అండం ఇప్పుడు లేదు కాబట్టి ఎత్తు ఎంత పెట్టినా ఊహే. దాన్ని వేరే లేయర్‌లో కాస్త పలచగా ఉంచండి. బొమ్మ మీదే ‘ఊహాచిత్రం’ అని రాయండి. లేదంటే రేపు మీ ఫ్యామిలీ గ్రూపులోకే ‘అరుదైన పాత ఫొటో’ అంటూ తిరిగొస్తుంది!

ప్రశ్న: ఫ్రెండ్ వాట్సాప్‌లో పంపిన ఫొటోల్లో ఫోకల్ లెంగ్త్ కనిపించడం లేదు. ఫోన్ ప్రాబ్లమా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఫోన్‌ది కాదు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను కుదించి, ఆ వివరాలు తీసేస్తుంది. ‘డాక్యుమెంట్’గా మళ్లీ పంపమనండి.