అల్యూమినియం దగ్గర భయపడి ఫీడు తగ్గించకు

చి. సరితకు పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు హైదరాబాద్ ఉద్యోగం మానేశావనీ, మడికొండలో షెడ్డు అద్దెకు తీసుకుని పాత వీఎంసీ, అదే కంప్యూటరుతో నడిచే మిల్లింగ్ మెషిన్, ఒకటి దించుకున్నావనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో కంగారే ఎక్కువగా వినిపించింది. నాకూ ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. కానీ ఒక మాట. బాలానగర్‌లో మీ నాన్నా, నేనూ ఉన్నన్నాళ్లూ పరాయివాళ్ల మెషిన్ల మీదే బతికాం. మన ఇంట్లో సొంతంగా మెషిన్ కొన్నది నువ్వే.

కళ్లద్దాలు, ముడి వేసిన జడ, చున్నీ లేని బట్టలు, బిగించాక కదిపి చూసిన వైస్. ఇవన్నీ నీకు తెలుసు. అయినా చెబుతాను, నువ్వు వినాలి.

మొదటి ఆర్డరు అల్యూమినియం ప్లేట్లట కదా. కాగితం మీద లెక్క తేలికే. కటింగ్ స్పీడును, అంటే కట్టర్ పన్ను లోహం మీద పరుగెత్తే వేగాన్ని, వెయ్యితో గుణించి 3.14తోనూ, కట్టర్ వ్యాసంతోనూ భాగిస్తే ఆర్‌పీఎం, అంటే నిమిషానికి కట్టర్ తిరిగే చుట్లు, వస్తుంది. 6061 రకం అల్యూమినియం ప్లేటు, 10 మిల్లీమీటర్ల కార్బైడ్ ఎండ్ మిల్ కట్టర్, నిమిషానికి 200 మీటర్ల స్పీడు అనుకుంటే దాదాపు 6,370. కట్టర్‌కు మూడు పళ్లు, ఒక్కో పన్ను 0.05 మిల్లీమీటర్లు కోయాలి అంటే ఫీడు, అంటే టేబుల్ ముందుకు కదిలే వేగం, నిమిషానికి 955 మిల్లీమీటర్లు. క్యాటలాగులో ఇంతకన్నా ఎక్కువే రాసి ఉంటుంది. నీ మెషిన్ పాతది, ఇక్కడి నుంచి మొదలుపెట్టు.

అసలు సంగతి ఇక్కడే ఉంది తల్లీ. టేబుల్ నిమిషానికి మీటరు లెక్కన పరుగెడుతుంటే చెయ్యి తనంతట తానే ఫీడును ఎక్కువ తక్కువలు చేసే ఓవర్‌రైడ్ నాబ్ మీదికి పోతుంది. ఇరవై శాతానికి తిప్పి హమ్మయ్య అనుకుంటావు. కట్టర్‌ను తిప్పే స్పిండిల్ మాత్రం అదే వేగంతో తిరుగుతూ ఉంటుంది. అంటే ఒక్కో పంటికి దక్కేది పది మైక్రాన్లు. అంత పల్చటి పొరను పన్ను కోయడం మానేసి రుద్దడం మొదలుపెడుతుంది. మొండి కత్తిపీట మీద టమాటా కోసినట్టే. రుద్దితే వేడి, వేడెక్కిన అల్యూమినియం పంటికి అంటుకుంటుంది, అంటుకున్నదాని మీద మరింత అంటుకుంటుంది.

మీ నాన్న ఎడమ కనుబొమ మీద గాటు ఉంది కదా, సైకిల్ మీంచి పడ్డానని నీకు చెప్పి ఉంటాడు. సైకిలూ కాదు, ఏమీ కాదు. స్టీలులో వాడి చెయ్యి చూసి తీరాల్సిందే, షాపులో సీనియర్లు కూడా వచ్చి అడిగేవారు. ఒకసారి అల్యూమినియం ప్లేటులో గాడి తీయమన్నారు. స్టీలుకు వాడే నాలుగు పళ్ల హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) కట్టర్‌నే బిగించాడు. మెత్తటి లోహం కదా అని స్పీడు పెంచాడు, ప్లేటు ఖరీదైనది కదా అని ఫీడు అన్నిటికన్నా కింది మెట్టులో పెట్టాడు. లోహం అంటుకోకుండా కిరోసిన్ చుక్క కూడా వేయలేదు. పక్క మెషిన్ మీద నేనున్నాను. మొదట సన్నగా బుస్సుమనే చప్పుడు, కాసేపటికి అది కీచుమనడం మొదలైంది. ‘ఫీడు పెంచరా’ అని అరిచాను. వాడు ఇంకా జాగ్రత్త పడి టేబుల్‌ను చేత్తో తిప్పడం మొదలుపెట్టాడు, అదీ నెమ్మదిగా. ఠప్పున విరిగింది. విరిగిన ముక్క కనుబొమను చీల్చుకుంటూ పోయి వెనక గోడకు తగిలింది. రక్తం తుడిచి కుట్లు వేయించుకొచ్చాక ఆ ముక్కను వెతికి చూశాం. కట్టర్ పళ్ల మధ్య గాడులన్నీ అల్యూమినియంతో పూడిపోయి, పళ్లు ఎక్కడున్నాయో తెలియకుండా గుండ్రంగా ఉంది. కట్టర్ నాసిరకమని వాడు ఇప్పటికీ అంటాడు. కన్ను దక్కింది, అది చాలు. చప్పుడు మారితే ముఖం దగ్గరికి తీసుకెళ్లి చూడకు. డోరు మూసి ఉంచు, స్టాప్ నొక్కు, తర్వాత చూడు.

భయం వేయడం తప్పు కాదు. భయం వేస్తే స్పీడూ ఫీడూ రెండూ కలిపి తగ్గించు. 3,200 ఆర్‌పీఎం, 480 ఫీడు పెట్టు, పంటికి 0.05 అలాగే ఉంటుంది. లేదా లోతు తగ్గించు. గాడి తీసేటప్పుడు ఒక్కసారిగా వ్యాసంలో సగానికి మించి దిగకు. పక్క నుంచి వ్యాసంలో పదో వంతు మాత్రమే తీస్తుంటే పొట్టు ఇంకా పల్చబడుతుంది, అక్కడ ఫీడు ఒకటిన్నర రెట్లు పెంచినా తప్పు లేదు.

రెండు మూడు పళ్లు మించని, గాడులు మెరిసే, పూత లేని కట్టర్ అడుగు. దుకాణంవాడు టైటానియం అల్యూమినియం నైట్రైడ్ పూత ఉన్నది అంటగట్టబోతాడు, స్టీలుకు అది బంగారమే, దీనికి వద్దు, అంటుకుంటుంది. కూలెంట్ ధార గాడిలోకే పడాలి, కోసిన పొట్టును మళ్లీ కోయనివ్వకు. తూకానికి కొన్న పాత ముక్కల మీద లెక్కలు సరిచూసుకోకు, అవి ఏ రకమో తెలియదు, మెత్తటివైతే జిగురులా సాగుతాయి. ఇంకొకటి, అంచులు నున్నగా చేయాలని అల్యూమినియాన్ని బెంచ్ గ్రైండర్‌కు ఆనించకు. రాయి పూడుకుపోయి పగిలే ప్రమాదం ఉంది. ఆకురాయి ఉంది కదా, దాంతో చేత్తోనే రుద్దు.

కట్టర్లు ఒకేసారి మూడు కొను. ఒక్కటే ఉంటే అది విరుగుతుందేమోనని నీ చెయ్యి మళ్లీ నాబ్ మీదికే పోతుంది. మిగతా రెండింటి డబ్బు ఈ వారం పంపిస్తున్నాను. అప్పుగానే రాసుకో, మొదటి బిల్లు వచ్చాక ఇద్దువు గాని. మీ నాన్నకు చెప్పకు, కట్టర్ ఎందుకు విరుగుతుందని మళ్లీ వాదనకు దిగుతాడు.

ఆశీస్సులతో,
పెద్దనాన్న