బెంగళూరు వచ్చాక జుట్టు రాలడం: తప్పు బోరు నీళ్లదేనా?

వైట్‌ఫీల్డ్‌కి మారిన 3 నెలలకి జుట్టు కుచ్చులుగా ఊడుతోందన్నారు, బోరు నీళ్ల వల్లేనా అని అడిగారు. ముందు రాలిన వెంట్రుక చివర చూడండి. తెల్లటి చిన్న గుబ్బ ఉంటే కుదురు నుంచి ఊడినట్టు. అది లేకుండా పొట్టి ముక్కలైతే తెగినట్టు. ఆ బోరు ఉప్పు నీళ్లకి జుట్టు గరుకెక్కి తెగొచ్చు గానీ, కుదురు ఊడదండీ. కుదురు నుంచే అయితే 2-3 నెలల కిందటి జ్వరమో, నిద్రలేమో, మారేటప్పటి ఒత్తిడో, హాస్టల్ తిండో చూసుకోవాలి. మామూలుగా 6 నెలల్లో సర్దుకుంటుంది. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్) రక్త పరీక్షలు చేయించండి. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకుంటుంటే పరీక్షకి కనీసం 2 రోజుల ముందే ఆపండి, లేకపోతే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు. షవర్ ఫిల్టర్‌కి డబ్బు తగలేయకండి, నీళ్లలో కాల్షియం దానితో పెద్దగా తగ్గదు. తలస్నానంలో చివరి 2 మగ్గులు కావేరీ నీళ్లు (కుళాయిలో వచ్చే నది నీళ్లు) పోసుకోండి, చాలు. పాపిట వెడల్పవుతుంటే మాత్రం ఆగకుండా చర్మవైద్యులకి చూపించండి.