పిచింగ్ వెడ్జ్‌కీ శాండ్ వెడ్జ్‌కీ మధ్య 35 గజాల ఖాళీ

అన్నా, గోల్ఫ్‌లో నీ వెడ్జ్‌లు, అంటే దగ్గరి దెబ్బలకు వాడే కర్రలు, చూస్తే పిచింగ్ వెడ్జ్ 110 గజాలు, 56 డిగ్రీల శాండ్ వెడ్జ్ 75 పోతున్నాయి, 90కి ఏం కొట్టాలో తెలీక 60 డిగ్రీలది కొంటానన్నావు. వద్దు. అది 75 కంటే తక్కువే పోతుంది, నీ ఖాళీ పైన ఉంది.

ముందు పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్, అంటే కర్ర ముఖం వెనక్కి వాలిన కోణం, చూడు. పాత సెట్లలో 48 డిగ్రీల దాకా ఉండేది, ఇప్పుడు 44, 43 కూడా ఇస్తున్నారు. చిక్కంతా అక్కడే, కోణం తగ్గేకొద్దీ బంతి దూరం పోతుంది. నీది 45 అయితే 50 లేదా 51 డిగ్రీల వెడ్జ్ ఒక్కటి చాలు.

నేను తిరుపతిలో ఓ ఖాళీ మైదానంలో పది గజాలకో తుండు పరిచి, వెడ్జ్‌కి పది బంతులు కొట్టి, దొర్లింది వదిలేసి పడిన చోటే లెక్కేసుకున్నా. తెల్లారే కొట్టు, మన మే ఎండలో బంతి కాస్త ఎక్కువే పోతుంది. బ్యాగులో కర్రలు అనుమతించిన 14 దాటితే 3 ఐరన్ అనే కర్ర తీసెయ్, ఎలాగూ వాడవు.