షుగర్ పుండుకు వెండి మందు పనిచేస్తుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాన్నకు పదేళ్లుగా షుగర్. బొటనవేలి కింద పుండు పడి నెల దాటినా మానలేదు. నొప్పి లేదంటూ అలాగే తిరుగుతున్నారు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే తమ్ముడు ‘సిల్వర్ కార్బీన్’ మొండి బ్యాక్టీరియాను కూడా చంపుతుందంటున్నాడు. చుట్టాలేమో సిల్వర్ వాటర్ (సన్నటి వెండి రేణువులు కలిపిన నీళ్లు) తాగించమంటున్నారు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు

సలహా: అమ్మా, మీ నాన్నగారికి నొప్పి లేదన్న మాటే నాకు టెన్షన్ పెడుతోంది. షుగర్ వల్ల పాదంలో నరాలు మొద్దుబారితే, పుండు ఎముక దాకా పోయినా తెలియదు. ఈ వారంలోనే, వీలైతే రేపే, మీ జిల్లా ఆసుపత్రిలో చూపించండి. పుండు చుట్టూ ఎరుపు, వాపు పాకినా, వాసన వచ్చినా, వేలు నల్లబడినా, చలిజ్వరం వచ్చినా రేపటిదాకా కూడా ఆగొద్దు.

మీ తమ్ముడు చెప్పింది వట్టిమాట కాదు. సిల్వర్ కార్బీన్ అంటే వెండికి కార్బీన్ అనే కార్బన్ సమ్మేళనం అతుక్కుని ఉన్న పదార్థం. ఇమిడజోలియం లవణం అనే కర్బన రసాయనాన్ని సిల్వర్ ఆక్సైడ్‌తో కలిపి, వెలుతురు తగలకుండా కలియబెడితే ఈ సమ్మేళనాలు తయారవుతాయి. 1998లో వెలుగులోకి వచ్చిన ఈ సులువైన పద్ధతి తర్వాతే వీటిపై పరిశోధన జోరందుకుంది. మామూలు వెండి లవణం పుండులోకి వెళ్లగానే అక్కడి రసిలో ఉండే క్లోరైడ్‌తో కలిసి గడ్డకట్టి, చాలావరకు బలం కోల్పోతుంది. కార్బీన్‌లోని కార్బన్ వెండిని గట్టిగా పట్టుకుని కొద్దికొద్దిగా వదులుతుంది. అలా విడుదలైన వెండి అయాన్లు బ్యాక్టీరియా ఎంజైములకు, పైపొరకు అతుక్కుని వాటిని చంపుతాయి. పుండ్లలో చేరే స్టెఫైలోకాకస్, సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియాపై ల్యాబ్‌లో మంచి ఫలితాలే వచ్చాయి. కానీ మోతాదు మించితే మన కణాలూ దెబ్బతింటాయి. ఇది మందుల షాపులో దొరికే మందు కాదు. మీ తమ్ముడు కాలేజీ ల్యాబ్‌లో చేసినా సరే, దాన్ని పుండుకు రాయనివ్వకండి.

సిల్వర్ వాటర్ మాత్రం అసలే వద్దు. లోపలికి వెళ్లిన వెండి చర్మంలో పేరుకుంటే ఒళ్లు నీలి బూడిద రంగుకు మారుతుంది. ఆ రంగు మళ్లీ పోదు. 1999లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి వెండి మందులు సురక్షితమని గానీ, పనిచేస్తాయని గానీ రుజువు లేదని తేల్చింది.

కాలిన గాయాలకు వాడే సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీమ్ ఇంట్లో ఉన్నా సొంతంగా రాయకండి. సల్ఫా రకం మందులు పడనివాళ్లకు అది ప్రమాదం. పైగా ఈ పుండు మానాలంటే ముందు షుగర్ అదుపులోకి రావాలి, పాదానికి రక్తం అందాలి, ఆ చోట బరువు పడకూడదు. అందుకే నాన్నగారిని నడవనివ్వకండి, చెప్పుల్లేకుండా అసలే వద్దు. వేడినీళ్లలో కాళ్లు పెట్టించకండి, కాలినా ఆయనకు తెలియదు. శుభ్రమైన నీటితో కడిగి, తడి తుడిచి, పొడి గాజు గుడ్డ కట్టండి.

ఆసుపత్రిలో పాదం ఎక్స్‌రే, రక్తప్రసరణ పరీక్ష, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయిస్తారు. పెద్దాసుపత్రికి రాస్తే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్లినా, శ్రీకాకుళం సర్వజనాసుపత్రికి వెళ్లినా, ఆయన వాడే మాత్రలన్నీ, పాత రిపోర్టులూ వెంట తీసుకెళ్లండి.