మార్వెల్ విలన్ థానోస్, కామిక్స్‌లో కూడా సినిమాలోలా విశ్వంలో వనరులు సరిపోవనే సగం మందిని చంపాడా?

లేదు. ఆ కారణం 2018 నాటి ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ సినిమాది. కామిక్స్‌లో థానోస్‌ది ప్రేమ పిచ్చి. ప్రేమించింది ఎవరినంటే, సాక్షాత్తూ మృత్యువును!

మనకు మృత్యువంటే దున్నపోతు మీద వచ్చే యముడు. మార్వెల్ కామిక్స్‌లో మాత్రం ముసుగు వేసుకున్న స్త్రీ. ఒక్కోసారి అందగత్తె, ఒక్కోసారి ముసుగులో పుర్రె. 1990 నాటి కథలో చచ్చిపోయిన థానోస్‌ను ఆమే బతికించి ఒక పని అప్పగిస్తుంది: ఇప్పుడు బతికున్నవాళ్లు ఇంతవరకు చచ్చినవాళ్లకంటే ఎక్కువైపోయారు, సగం మందిని తగ్గించు అని. సినిమా వాళ్ల లెక్కకు మూలం బహుశా ఇదే.

1991 నాటి కథలో, అంతులేని శక్తినిచ్చే ఆరు రత్నాలూ పొదిగిన గ్లవ్ తొడుక్కుని చిటికె వేస్తాడు. సగం విశ్వం మాయం. అయినా ఆవిడ పలకదు, కనీసం మెచ్చుకోలుగా ఒక చూపైనా లేదు. ఆమెకు గుడి కట్టినా, కానుకలిచ్చినా అదే మౌనం. నాకైతే వంద యుద్ధాలకంటే ఆ మౌనమే గొప్పగా అనిపిస్తుంది. అంత శక్తిమంతుడు ఆమె ముందు తేలిపోతాడు.

చివరికి ఆ గ్లవ్‌ను, థానోస్ మనవరాలినని చెప్పుకునే నెబ్యులా లాగేసుకుంటుంది. అంతా సద్దుమణిగాక థానోస్ ఎక్కడో మారుమూల గ్రహంలో పొలం చేసుకుంటూ కనిపిస్తాడు. కవచాన్ని దిష్టిబొమ్మకు తొడిగేశాడు.

ఈ పాత్రను సృష్టించింది జిమ్ స్టార్లిన్. మొదటిసారి కనిపించింది 1973లో, ఐరన్ మ్యాన్ 55వ సంచికలో. పేరు గ్రీకుల మృత్యుదేవత థానటోస్‌ను గుర్తుచేస్తుంది. సినిమా మాత్రమే చూసినవాళ్లు 1991 కథ చదివితే వేరే థానోస్‌ను చూస్తారు.